బంగారం పెట్టని బొమ్మ

మా పెయింటింగ్ మాస్టారు పోయారు. ఆఫీస్‌కి వెళ్తూ ఇంకా హైవే ఎక్కకముందే ఆఖరి రోజుల్లో ఆయన్ని ఇంట్లోనే చూసుకుంటున్న హాస్పిస్ నర్స్ ఫోన్ చేసింది. "పొద్దున్నే పోయారు, చాలా పీస్‌ఫుల్‌గా" అంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు అలాగే చెప్పాలి కాబట్టి చెప్పింది, పాపం. ముందురోజు సాయంత్రం నేను చూసిన మనిషిలో ప్రశాంతత అన్నది మచ్చుకైనా లేదు. కళ్ళు మూసుకుని కూడా ఫోన్ మోగుతుందేమోనని చెవులు రిక్కించి పడుకున్నారు.

కారు వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ స్టవ్ కట్టేసి, "ఆ పిల్లాడి సంగతి ఏమైనా తెలిసిందా ఆయనకి?" అని అడిగింది. లేదన్నాను. "అయ్యో, తెలీకుండానే వెళ్ళిపోయారా" అని అక్కడే కుర్చీలో కూలబడింది. మిగతా కబుర్లన్నీ, ఎప్పుడు, ఎలా, ఎవరున్నారు దగ్గర, ఇవన్నీ తర్వాత అడిగింది.

మేముండేది బాతెల్ అనే ఊళ్ళో. మా కమ్యూనిటీ వెనకాల నది పక్కన నడవడానికి ట్రయిల్ ఉంది. సాయంత్రాలు అక్కడికి వెళ్తే సగం ట్రయిల్ పిల్లల దగ్గరికొచ్చిన మన అమ్మానాన్నలదే. ఆ చివర ఉన్న పాత అపార్ట్‌మెంట్లలో, కింది అంతస్తులో మాస్టారు ఉండేవారు. రష్యా ఆయన. అక్కడ చర్చిల్లోనూ ఇళ్ళల్లోనూ చెక్కపలకల మీద వేసిన దేవుడి బొమ్మలు పెట్టుకుంటారు, ఐకన్ అంటారు. మాస్టారు వాళ్ళ నాయనమ్మ ఇంట్లో వంటగది మూల ఒకటి ఉండేదట. పొగకి నల్లబడిపోయి, అందులో ఉన్నది ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదట. దాన్ని చూస్తూ పెరిగిన ఆయన అదే పద్ధతిలో, అదే చెక్క, అదే సుద్ద, అదే గుడ్డుసొన, మామూలు మనుషుల్ని వేసేవారు. ఎవరైనా "మీ ఐకన్లు బావున్నాయి" అంటే ఊరుకునేవారు కాదు. "ఇవి ఐకన్లు కావు. ఐకన్లు చూసి పెరిగినవాడి బొమ్మలు, అంతే" అనేవారు. వాళ్ళ చర్చిలో కొందరికి ఆ మామూలు మనుషుల తల చుట్టూ బంగారం కనబడితే చిరాకు. మాస్టారికి వాళ్ళ చిరాకంటే చిరాకు.

ఆయన్ని మా ఇంటికి తెచ్చిపెట్టింది మా నాన్న. నాన్న విజయవాడ మనిషి, జీవితమంతా యూనియన్లూ మీటింగులూ. ఇక్కడికొచ్చి ఆరు నెలలు ఉండాలంటే ఆయనకి ఊపిరాడేది కాదు. అలాంటిది ఒకరోజు ట్రయిల్ నుంచి మెరిసిపోతూ వచ్చి, "ఒక రష్యన్ దొరికాడే!" అన్నారు, పోగొట్టుకున్న తమ్ముడు దొరికినట్టు. ఆ రోజు నుంచి ఇద్దరూ రోజూ ఒకే బెంచీ మీద. నాన్న ఆయన్ని "కామ్రేడ్" అని పిలిచేవారు. మాస్టారికి ఆ మాటంటే ఒళ్ళుమంట, దాని నుంచి పారిపోయే ఇంతదూరం వచ్చారు. అయినా నాన్న అంటే పలికేవారు. నాన్న ఇంగ్లీష్ ఆయనకి సగం అర్థమయ్యేది కాదు, ఆయన ఇంగ్లీష్ నాన్నకి అసలు అర్థమయ్యేది కాదు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియదు.

నాన్న విజయవాడ వెళ్ళి అక్కడ పోయారు. అమ్మని నాతో తీసుకుని తిరిగొచ్చాక, ట్రయిల్ మీద మాస్టారు ఎదురై "నాన్న ఏరీ?" అని అడిగారు. చెప్పాను. టోపీ తీసి వెళ్ళిపోయారు. చాన్నాళ్ళకి ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడ్డారు, చంకలో దుప్పటి చుట్టిన పలకతో.

పలక మీద మా నాన్న. మంకీ క్యాప్, అమ్మ అల్లిన బూడిదరంగు స్వెట్టర్, తెల్ల స్పోర్ట్స్ షూస్, వెనక్కి కట్టుకున్న చేతులు. ఆ మంకీ క్యాప్ చుట్టూ గుండ్రంగా బంగారం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. అమ్మ మాత్రం ఆ పలకని తీసుకుని, హాల్లో మేకు వెతికి తగిలించి, బొట్టు పెట్టి, చందనం దండ వేసింది. వేశాక మాస్టారి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

దండ ఎందుకని మాస్టారు అడిగారు. పోయినవాళ్ళ ఫోటోకే వేస్తామని, బతికున్నవాళ్ళ ఫోటోకి వేయడం మహాపాపమని చెప్పాను. ఆయన మొహం వెలిగింది. "నా బంగారం కూడా అంతే" అన్నారు. చర్చిలో బంగారం దేవుడికీ సాధువులకీ. ఈయన పెట్టుకున్న సొంత నియమం ఏమిటంటే, తను వేసిన మనుషుల్లో పోయినవాళ్ళకే బంగారం, బతికున్నవాళ్ళకి వట్టి పసుపుమట్టి రంగు. చనిపోయిన బస్సు డ్రైవర్‌కి బంగారం ఉంది, లైబ్రరీలో పనిచేసే ఆవిడకి లేదు. ఆవిడ "నాకెప్పుడు పెడతారు?" అని వేళాకోళం చేస్తే, "తొందరేం లేదు" అనేవారట.

ఆ తర్వాత శనివారాలు ఇంకో నలుగురైదుగురితో పాటు నేనూ ఆయన దగ్గర నేర్చుకోవడానికి వెళ్ళడం మొదలుపెట్టాను. బయోటెక్ కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ నాది, వారమంతా ఇతరుల తప్పులు పట్టడమే పని. శనివారం నా తప్పులు ఆయన పట్టేవారు. గది నిండా కుందేలు చర్మంతో కాచిన జిగురు వాసన. ఇంటికొస్తే మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపి, స్నానం చేసి రమ్మనేది. గుడ్డులో పచ్చసొనని ఒక అరచేతిలోంచి ఇంకో అరచేతిలోకి, తెల్లసొన తడి అంతా పోయేదాకా దొర్లించడం ఆయన నాకు నేర్పిన మొదటి విద్య. ఎన్ని సొనలు నేలపాలు చేశానో. ఆయన కోప్పడేవారు కాదు, పైగా "ఇవాళ నేల అందంగా ఉంది" అనేవారు. టీలో జామ్ కలుపుకుని తాగేవారు. అది చూసిన రోజు అమ్మ, "ఆ మనిషికి నోరు చచ్చిపోయింది" అని తీర్మానించి, వారం వారం నాతో చారు పంపేది. ఆయన దాన్ని కూడా గ్లాసులో పోసుకుని టీ లాగే తాగేవారు.

"ముందు చీకటి వెయ్యి" అనేవారు. ముఖానికి మొదట బురదలాంటి ఆకుపచ్చ వేస్తాం. చూస్తే భయమేస్తుంది. దాని మీద పొర తర్వాత పొర వెలుగు వేసుకుంటూ రావాలి. నేను ఆత్రపడి తెల్లరంగు ముట్టుకుంటే చేతి మీద బ్రష్‌తో కొట్టేవారు. "వెలుగు చివర్న వస్తుంది. నువ్వు పిలిస్తే రాదు." ముఖం అన్నిటికన్నా చివర. బంగారం అన్నిటికన్నా ముందు. ఎర్రమట్టి పూసి, దాని మీద రేకు అతికించి, రాయితో రుద్ది మెరుపు తేవాలి, అప్పుడు గానీ రంగు ముట్టుకోకూడదు. రంగు వేశాక బంగారం పెడదామంటే రేకు రంగుకంతా అంటుకుని బొమ్మ పాడవుతుంది. అందుకని పలక తెల్లగా ఉండగానే తేల్చుకోవాలి, ఈ మనిషికి బంగారం ఉందా, లేదా అని.

ఆ పద్ధతే చివరికి ఆయన పీకల మీదికి వచ్చింది.

ఆయనకి ఒక్కడే కొడుకు. భార్యతో విడిపోయి ఈయన ఇటు వచ్చేశారు, పిల్లవాడు తల్లితో అక్కడే పెరిగాడు. యుద్ధం మొదలయ్యాక ఒకరోజు ఫోన్ చేసి నేను సైన్యంలోకి వెళ్తున్నానన్నాడట. ఈయన వద్దన్నారు, అరిచారు, బతిమాలారు. చివరికి, "నువ్వు వెళ్తే నాకు కొడుకు లేడు" అన్నారు. వాడు "సరే, లేడనుకో" అని పెట్టేశాడు. అదే ఆఖరి మాట. కొన్నాళ్ళకి ఆచూకీ లేదని తల్లికి కబురు వచ్చింది. చచ్చిపోయాడని కాదు, ఉన్నాడని కాదు, ఆచూకీ లేదని. ఇదంతా మాస్టారు నాకు జిగురు కలుపుతూ చెప్పారు, గరిటె మీద నుంచి చూపు ఎత్తకుండా.

కొన్ని నెలలు చూసి, తల్లి ఇక ఆశ వదిలేసుకుంది. చర్చిలో పోయినవాళ్ళకి చేయించే ప్రార్థన చేయించింది. "మన అబ్బాయి బొమ్మ వేసి పంపు, బంగారం పెట్టు" అని అడిగింది. ఆవిడ దుఃఖం ఆవిడది, తప్పు పట్టడానికి లేదు. మాస్టారు పలక సిద్ధం చేశారు. సుద్ద పొరలు పూసి, గుడ్డు పెంకంత నునుపుగా సానపట్టి, సూదితో కొడుకు ముఖం గీశారు. తెలుపు మీద తెల్ల గీతలు. ఎదురుగా చూస్తే ఏమీ ఉండదు, పక్క నుంచి వెలుతురు పడితేనే ముఖం. అక్కడ ఆగిపోయారు.

బంగారం పెడితే కొడుకు చనిపోయాడని తన చేత్తో ఒప్పుకున్నట్టు. పెట్టకుండా రంగు వేస్తే, వాడు నిజంగానే పోయి ఉంటే, వాడికి దక్కవలసినది తండ్రే ఎగ్గొట్టినట్టు. ఆ పలక గోడకి ఆనించి అలాగే ఉండిపోయింది. ఆయన చర్చికి వెళ్ళడం కూడా తగ్గించారు. వాళ్ళ చర్చిలో బతికున్నవాళ్ళ కోసం వెలిగించే కొవ్వొత్తి ఒక చోట పెడతారు, పోయినవాళ్ళది వేరే చోట. ఒక ఆదివారం నేను కారులో దింపి, మళ్ళీ తీసుకురావడానికి వెళ్తే, కొవ్వొత్తి వెలిగించకుండానే కోటు జేబులో పెట్టుకుని వచ్చారు. జేబులో అది రెండుగా విరిగిపోయింది. నేను చూశానని ఆయన చూశారు.

ఆ చలికాలం పై అపార్ట్‌మెంట్‌లో పైపు పగిలి ఈయన సీలింగ్ కారింది. బొమ్మలన్నీ మా ఇంటికి చేర్చాం. గెస్ట్ రూమ్ నిండిపోయింది, తెల్ల పలకని మాత్రం ఎవరికీ తగలకుండా పూజ గది పక్కన కిటికీ కింద పెట్టాను. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ తెలివి! శుక్రవారం నేను ఆఫీస్‌లో ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్ కోప్పడకూడదు, ఓకే? అమ్మమ్మ పెయింటర్ అంకుల్ వైట్ బోర్డ్‌ని వైప్ చేసింది. వెట్ క్లాత్‌తో. అండ్ కుంకం పెట్టింది."

సుద్ద మీద తడిగుడ్డ! ఎలా డ్రైవ్ చేశానో తెలియదు. వెళ్ళేసరికి అమ్మ దాని ముందే కూర్చుని ఉంది. ఒక చెంప దగ్గర గీతలు కొంచెం అలుక్కుపోయాయి. నుదుటి మధ్య ఎర్రగా బొట్టు, సుద్ద పీల్చేసుకుని చుట్టూ పాకింది.

"నాకేం తెలుసే? ఎండ పడితే చక్కటి మొహం కనిపించింది. ఏ దేవుడి పటమో మొదలెట్టారనుకున్నా. అన్నీ తుడుచుకుంటూ దీన్నీ తుడిచి బొట్టు పెట్టా."

"అమ్మా, అది దేవుడు కాదు. మాస్టారి కొడుకు."

అమ్మ పలక ముందు నుంచి వెనక్కి జరిగింది. "బతికున్న పిల్లాడి పటానికా బొట్టు పెట్టాను?"

"బతికున్నాడో లేదో ఎవరికీ తెలీదుగా అమ్మా."

"అదేనే నేననేది! తెలీనప్పుడు నేనెవర్ని పెట్టడానికి? ఆ పిల్లాడికేమైనా అయితే?" అంటూ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

దాచే పని కాదు కాబట్టి మాస్టారికి ఫోన్ చేశాను. వచ్చారు. పలకని కిటికీ వైపు వంచి చెంప చూసుకున్నారు, అది సరిచేయొచ్చన్నారు. బొట్టు వైపు చాలాసేపు చూశారు. అమ్మ చేతులు జోడించి, "అన్నయ్యగారూ, తెలియక చేశాను, క్షమించండి" అంటూనే ఉంది, తెలుగులోనే. ఆయన నన్ను అడిగారు, "మీ నాన్న బొమ్మకి కూడా ఈ ఎరుపు ఉంది కదా. ఇది పోయినవాళ్ళ గుర్తా?"

ఏమంటున్నారని అమ్మ నన్ను పొడిచింది. చెప్పాను.

"చెప్పవే ఆయనకి" అంది అమ్మ. "పోయినవాళ్ళకీ పెడతాం, దేవుడికీ పెడతాం. పిల్లలు పరీక్షకి వెళ్తుంటే పెడతాం. దూరం వెళ్ళినవాడు తిరిగొస్తే గుమ్మంలోనే నిలబెట్టి, హారతిచ్చి, బొట్టుపెట్టి లోపలికి తీసుకుంటాం. నేను పెట్టింది ఆ బొట్టేననుకోమను."

నా చేతనైనంతలో చెప్పాను. ఆయన చివరి మాట మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

"గుమ్మంలోనా?"

"అవును, గుమ్మంలో. లోపలికి వచ్చేముందు."

ఆయన తలాడించారు. "అయితే వాడు ప్రస్తుతం గుమ్మంలో ఉన్నాడు. ఉండనీ" అన్నారు. తర్వాత అమ్మ దగ్గరికెళ్ళి, మా నాన్న బొమ్మ ముందు ఆవిడ పెట్టినట్టే దణ్ణం పెట్టారు. అమ్మ ఇంకా ఏడ్చింది. పలకని దుప్పటిలో చుట్టుకుని ఆయన తనతో తీసుకెళ్ళారు.

ఆ వచ్చే శనివారం వెళ్ళేసరికి పసుపుమట్టి నూరుతున్నారు. ఏం చేయబోతున్నారో నాకు వెంటనే అర్థమైంది. ఒకసారి అది పూస్తే ఇక ఆ పలక మీద బంగారానికి చోటు లేదు. "మాస్టారూ, వాళ్ళమ్మగారు అడిగారు కదా. ఆలోచించుకున్నారా?" అన్నాను. "బంగారం పెడితే నేనన్న మాట నిజమవుతుంది" అన్నారు. అని, తల చుట్టూ ఆ మట్టిరంగు పూసేశారు.

జబ్బు సంగతి బయటపడింది ఆ తర్వాతే. అప్పటికే క్యాన్సర్ లివర్ నుంచి పాకిపోయిందన్నారు. హాస్పిస్ వాళ్ళు బెడ్ తెచ్చి, వర్క్‌టేబుల్ ఉన్న గదిలోనే వేశారు. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెడితే కాసేపు వేసేవారు, పలక మీద అడ్డంగా ఒక కర్ర, దాని మీద మణికట్టు. వేళ్ళు వణికేవి. ఆయనకి సొన తయారుచేసే ఓపిక కూడా లేకపోతే, జన్మలో గుడ్డు ముట్టుకోని మా అమ్మ ముందుకొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని పగలగొట్టేది, ఏవో గొణుక్కుంటూ అరచేతుల్లో దొర్లించేది. నేను ఏడాదిలో నేర్చుకున్నది ఆవిడకి రెండో గుడ్డుకే వచ్చేసింది. ఇంటికొచ్చి తలస్నానం చేసేది, మర్నాడు మళ్ళీ బయల్దేరేది.

ఆకుపచ్చ బురద కింద బొట్టు మునిగిపోయింది. దాని మీద కొద్దికొద్దిగా వెలుగు. చివర్న కళ్ళ పక్కన వెంట్రుకంత తెల్ల గీతలు వేస్తారు, వాళ్ళ భాషలో వాటి పేరుకి ప్రాణం పోసేవని అర్థం. అవి నన్ను వేయమన్నారు. నా వల్ల కాదన్నాను. ఆయనే వేశారు, ఊపిరి బిగబట్టి. అందులో ఒకటి వంకర పోయింది. దిద్దలేదు. "వాడొచ్చి తీసుకెళ్తాడు, అప్పటిదాకా నీ దగ్గర ఉంచు" అన్నారు. ఆ తర్వాత బ్రష్ పట్టుకోలేదు. ఇరవై నాలుగు గంటలూ ఫోన్ దిండు పక్కనే. స్పామ్ కాల్ వచ్చినా ఎత్తి, రష్యన్‌లో మాట్లాడేవారు. నా జీవితంలో అంత దిగులు ఎప్పుడూ పడలేదు. మా నాన్న పోయినప్పుడు కూడా.

అంత్యక్రియలకి గుప్పెడు మందిమి. లైబ్రరీ ఆవిడ వచ్చింది, శనివారం క్లాస్ వాళ్ళు వచ్చారు. ఆయన వేసినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎవరి బొమ్మ వాళ్ళు తీసుకెళ్ళారు. చర్చి వాళ్ళు బాగా పాడారు. ఆయన మాజీ భార్యకి మిగిలిన బొమ్మల ఫోటోలు పంపాను. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ పెట్టుకుని ఆవిడ ఒకటే మాట అడిగింది: నా కొడుక్కి బంగారం ఎందుకు లేదు? ఇక దానికి జవాబు చెప్పాల్సిన మనిషి లేరు. ఒక్కోసారి నాకూ అనుమానం వచ్చేది, అమ్మ మాట పట్టుకుని ఆయన పొరపాటు చేశారేమో, పోయిన బిడ్డకి ఆ కాస్త గౌరవం కూడా లేకుండా అయిందేమోనని. అమ్మ ముందు మాత్రం అనలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, తెలియని నంబర్ నుంచి వీడియో కాల్. ఎత్తాను. గుండు చేసిన తల, లోపలికి పోయిన బుగ్గలు, వెనక హాస్పిటల్ గోడ. పేరు చెప్పక్కర్లేకపోయింది. ఆ ముఖం నాకు సుద్ద మీద సూదిగీతల నాటి నుంచీ తెలుసు. బందీగా ఉన్నాడట ఇన్నాళ్ళూ. ఖైదీలని మార్చుకున్నప్పుడు వచ్చాడట. తండ్రి సంగతి తల్లి చెప్పింది, నా నంబర్ ఆవిడే ఇచ్చింది.

అతని ఇంగ్లీష్ తక్కువ. వాళ్ళ నాన్న వేసిన బొమ్మలు చూపించమన్నాడు. ఫోన్ పట్టుకుని గోడ వెంట నడిచాను. బస్సు డ్రైవర్. ఒకప్పుడు నర్సరీలో మొక్కలమ్మిన ముసలావిడ. మంకీ క్యాప్‌లో మా నాన్న. ఒకటి తర్వాత ఒకటి బంగారం మెరుస్తోంది. చివర్న అతని బొమ్మ దగ్గర ఆగాను.

చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కో మాట వెతుక్కుంటూ అన్నాడు. "అందరికీ గోల్డ్. నాకు లేదు." మళ్ళీ, "'నాకు కొడుకు లేడు' అన్నారు నాన్న. అందుకేనా?"

నా వెనక అమ్మ "ఏమంటున్నాడే?" అంటోంది. నేను తిరగలేదు. చెప్పాను, వీలైనంత చిన్న మాటల్లో. చనిపోయినవాళ్ళకే గోల్డ్. బతికున్నవాళ్ళకి లేదు. మీ అమ్మగారే పెట్టమన్నారు. ఆయన పెట్టలేదు.

అర్థమైందో లేదో తెలియలేదు. మళ్ళీ చెప్పాను. అతను ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నట్టున్నాడు, కింది నుంచి గడ్డం, తల కనిపిస్తున్నాయి. చెయ్యి పైకెత్తి, ఆ గుండు మీద, చెవుల వెనక, మెడ వెనక, చుట్టూ మెల్లగా తడుముకుంటున్నాడు, అక్కడ ఏమీ లేదని చూసుకుంటున్నట్టు.